బాబాయ్ భుజాల మీద షెడ్డు

పొద్దున్నే ఆఫీసు తీయగానే రజని ఏసీ వేస్తుంది. తర్వాత వెంకటరావు బాబాయ్ కుర్చీ కింద ఇనప రేకు జరగలేదు కదా అని చూస్తుంది. రేకు జరిగితే కుర్చీ కాళ్లు టైల్సులోకి దిగిపోతాయి.

కద్మాలోని ఆ డిజైన్ ఆఫీసులో ఫ్యాక్టరీ షెడ్లకి డ్రాయింగులు గీస్తారు. రజని గీస్తే, బాబాయ్ చూసి 'చెక్డ్' గడిలో సంతకం పెడతాడు. పెట్టగానే ఆ షెడ్డు బరువు ఆయన భుజాల మీదికొస్తుంది. డ్రాయింగు బాగుంటే టీ తాగేలోపు దిగిపోతుంది.

గోవింద్‌పూర్ షెడ్డు ఒక్కటే దిగలేదు. షెడ్డు కట్టించుకునే పార్టీ తొందరపెడుతోందని ఓనరు సత్యప్రసాద్ చివర్లో దూలాలు సన్నవి చేయించాడు. ముందే చూసిందే కదా అని బాబాయ్ సంతకం పెట్టేశాడు. అప్పట్నించీ ఇన్నేళ్లుగా ఆయన నడుం వాల్చలేదు. వాలిస్తే కప్పు కూలిపోతుంది. కింద మనుషులు పన్జేస్తున్నారు. కుర్చీలోనే కునుకు తీస్తాడు.

"ఏటి బాబాయ్, ఇయ్యాల మరీ వంగిపోనావు?"

"వానకి రేకుల మీద నీళ్లు నిలిచిపోనాయమ్మా. పైపు మూసుకుపోయినట్టుంది. ఆ షెడ్డోళ్లకి ఫోన్ కొట్టు."

రజని కొట్టింది. "దేఖ్తే హై మేడమ్," అన్నారు. ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నానికి బాబాయ్ గుండె పట్టుకున్నాడు. ఆటో మోయలేదని టెంపో తెప్పించి ఆస్పత్రికి తీసుకెళ్లారు. కాసేపటికి ఆయన భార్య సూర్యకాంతం ఫోన్ చేసింది.

"ఆపరేషన్ చెయ్యాలంట రజనీ. పడుకోమంటే పడుకోడే! మంచం కోడు పట్టుకుని కూకున్నాడు. డాక్టరు అరుత్తన్నాడు."

రజని ఓనరు క్యాబిన్లోకెళ్లింది. "సార్, షెడ్డు ఖాళీ చేయించండి. ఒక్క పూట చాలు."

"డబల్ షిఫ్ట్ చల్ రహా హై. పార్టీ ఒప్పుకోదు," అన్నాడు సత్యప్రసాద్ ఫోన్లోంచి తల ఎత్తకుండా. "ఇన్నేళ్లు నిలబడింది కదా. కొంచెం ఓర్చుకోమను."

"చచ్చిపోతాడు సార్!"

"తో తూ సైన్ కర్ దే. ఆయన బదులు నువ్వు పెట్టెయ్. చెకర్ పోస్టు నీకే ఇస్తాను."

షెడ్డు మేనేజరుకి తనే ఫోన్ చేసింది. తమ ఓనర్ల ఆర్డరు లేకుండా మిషన్లు ఆపలేనన్నాడు. అవతల మిషన్ల మోతలో ఎవరో పెద్దగా నవ్వుతున్నారు.

రజనికి బోర్లా పడుకుంటే తప్ప నిద్ర పట్టదు. ఆ షెడ్డు పాత డ్రాయింగు తీసి టేబుల్ మీద పరిచింది. 'చెక్డ్' గడిలో బాబాయ్ పేరు కింద తన పేరు రాసింది.

కాళ్ల కింద టైలు పగిలింది. మెడలో ఏదో చిట్లినట్టు చప్పుడైంది. పక్క సీటువాళ్లు ఓసారి చూసి మళ్లీ మౌస్ పట్టుకున్నారు.

ఫోన్ మోగింది.

"పడుకున్నాడే రజనీ!" సూర్యకాంతం ఏడుస్తోంది, నవ్వుతోంది. "డాక్టరు మందియ్యకముందే గుర్రెడతన్నాడు. ఒకపాలి లేపి నీతో మాటాడించమంటావా?"

రజని గోడకి చెయ్యి ఆనించింది.

"వద్దు పిన్నీ," అంది. "లేపకు."