వంకరగా అతికిన చెయ్యి

"ఆర్థోపెడిక్స్‌కి బలం కావాలి మధూ. ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదది," అని దేవీప్రసాద్ సోఫాలోంచి చెప్పే సమయానికి మధులత గ్రైండర్లోంచి రాయిని రెండు చేతులా పైకెత్తి, దానికి అంటిన పిండిని వేళ్ళతో తుడిచి, సింకులో దించుతోంది. ఆ రాయి బరువెంతో అతనికి తెలియదు పాపం. పెళ్ళయినప్పటి నుంచి ఒక్కసారైనా దాన్ని ముట్టుకుంటే కదా!

పీజీ సీటుకి ఆప్షన్లు పెట్టుకోడానికి ఈ సాయంత్రంతో ఆఖరు. ఆమె ర్యాంకుకి ఎముకల విభాగమూ వస్తుంది, చర్మవ్యాధుల విభాగమూ వస్తుంది. పెందుర్తిలోని ఆ ఇంట్లో మాత్రం చర్మం ఎప్పుడో ఖాయమైపోయింది. పోర్టులో పనిచేసి రిటైరైన మామగారు శ్రీనివాసరావు అయితే, "సర్మం డాకటరంటే హాయమ్మా. రేత్రి ఫోన్లు ఉండవు, రకతాలు ఉండవు. మేడ మీద గదిలో క్లినిక్ పెట్టేత్తే ఇంటి పనీ అవుతాది, సంపాదనా అవుతాది," అని వడ్రంగిని పిలిచి కొలతలు కూడా తీయించారు. ఆడపడుచు అప్పుడే తన మొటిమల ఫోటోలు వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టింది. చర్మవ్యాధులంటే మధులతకి చిన్నచూపేమీ లేదు, ఇష్టపడి చదివేవాళ్ళకి అదీ గొప్ప చదువే. ఆమెకి ఒళ్ళు మండేదల్లా ఒకటే. తన చదువుని ఇంటి పనికి అడ్డం రాకుండా కొలత తీసి కత్తిరిస్తున్నారు, పైగా అదంతా తన సుఖం కోసమే అంటున్నారు.

హౌస్ సర్జన్‌గా ఎముకల వార్డులో చేసినప్పుడూ ఇదే వరస. "అమ్మాయిలు పట్టీలు చుట్టండి, సుత్తి సంగతి మేం చూసుకుంటాం," అనేవాడు సీనియర్. ఒకరోజు సీనియర్లందరూ ఆపరేషన్ థియేటర్లో ఉండగా జాలరిపేట నుంచి పోతమ్మ వచ్చింది. చేపల బేసిను ఎత్తుతూ జారిపడితే భుజం ఎముక గుంటలోంచి తప్పుకుంది. ఎక్స్‌రే తీశారు గానీ, భుజం మీద పైట బిగించి పట్టుకుని మగవాళ్ళెవరినీ చెయ్యి వేయనివ్వలేదు. "ఆడ డాకటర్లంతా పురుళ్ళకేనేటి? మా బుజాలు ఎవులు సూత్తారు?" అని కేకలు. సీనియర్ ఫోన్లో చెబుతుంటే మధులత ఆమె మోచెయ్యి పట్టుకుని, కబుర్లాడుతూ, నెమ్మదిగా బయటికి తిప్పింది. ఎముక టక్కున గుంటలోకి జారింది. అందులో బలం లేదు, ఓపికా ఒడుపూ ఉన్నాయంతే. పోతమ్మ ఏడుపు సగంలో ఆగిపోయింది. ఆ చప్పుడుకి మధులతకి కలిగిన సంతోషం పెళ్ళిచూపుల నాడు కూడా కలగలేదు.

ఇంట్లో మరో చెయ్యి ఉంది. అత్తగారు వరహాలమ్మది. ఎప్పుడో బట్టలుతికే బండ దగ్గర పడి మణికట్టు విరిగితే, మినప్పిండీ గుడ్డుసొనా పట్టించి, వెదురుబద్దలు వేసి నాటుకట్టు కట్టించారు. అంతలో ఇంట్లో మరిది పెళ్ళి వచ్చింది. పెళ్ళివారింట్లో పెద్దకోడలు చెయ్యి కట్టుకుని కూర్చుంటుందా? ఎముక అతక్కముందే కట్టు తానే కోసేసుకుని పిండివంటలకి కూర్చుందావిడ. చెయ్యి అలాగే వంకరగా అతికింది. సబ్బు రాస్తే తప్ప గాజు ఎక్కదు, రాయి ఎత్తలేదు. ఇంట్లో అందరూ ఆవిడ చెయ్యి పుట్టుకతోనే అంత అన్నట్టు ఉంటారు.

"ఆప్షన్లు నేనే పెట్టేశాను. డెర్మటాలజీ ఫస్టు," అన్నాడు దేవీప్రసాద్ ల్యాప్‌టాప్ ఇటు తిప్పి. "ఓటీపీ నా ఫోనుకే వస్తుందిగా, లాక్ చేసేస్తాను." దరఖాస్తు నాడు తన నంబరే ఇచ్చాడు, నీకెందుకీ తలనొప్పి అంటూ.

మధులత చేతులు కడుక్కుని వచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకుంది. ఆర్థోపెడిక్స్‌ని అన్నిటికన్నా పైకి జరిపింది.

అతను నవ్వాడు. "ఓటీపీ నేను చెప్పకుండా ఎలా లాక్ చేస్తావే?"

ఆమె లాక్ నొక్కింది. అతని ఫోను చడీ చప్పుడూ లేకుండా ఉంది. వంటింటి గట్టు మీద ఆమె ఫోను మోగింది.

"పోయిన వారం హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్ళి నంబరు మార్పించుకున్నాను."

"నాన్నకేటి చెప్పమంటావు? వడ్రంగికి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు!"

"ఆ గదిలో మీరు కూర్చుని మొటిమలు చూడండి. ముందు సింకులో రాయుంది, కడిగి గ్రైండర్లో పెట్టండి. దానికి బలం కావాలట."

వంటింట్లోంచి వరహాలమ్మ ఆమె ఫోను పట్టుకొచ్చింది, ఆ వంకర చేతిలోనే. కొడుకు వైపు చూడలేదు. మధులత అంకెలు కొట్టి లాక్ చేసేదాకా పక్కనే నిలబడింది. తర్వాత చెయ్యి ముందుకి చాపింది.

"ఇది సరవుతాదేటి?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఊరికే అవదు అత్తయ్యా. మళ్ళీ విరిచి, తిన్నగా అతికించాలి. బాగా నొప్పి. కొన్ని నెలలు ఈ చేత్తో ఏ పనీ చేయకూడదు."

వరహాలమ్మ వంటింటి వైపు ఒకసారి చూసి, చీరకొంగు దోపుకుంది.

"అయితే బేగి నేర్సుకుని రా. నువ్వే ఇరగ్గొడుదువు గాని."