వాన పేజీ కింద రాసిన మాట

ఇంటర్నెట్ గురించి నా భర్త జుబైర్‌కు లేని అభిప్రాయం లేదు. అల్జీరియాలోని మా ఊరు అన్నాబాలో చిన్నాచితకా ఆఫీసులకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం అతని పని. బస్సులో పక్క సీటువాడు దొరికినా, మంగలి షాపులో ఖాళీ కుర్చీ దొరికినా మొదలుపెడతాడు. "ఒకప్పుడు పేజీ నొక్కితే తెరుచుకునేది. ఇప్పుడు కుకీలకి ఒప్పుకో, నోటిఫికేషన్లకి ఒప్పుకో, షరతులకి ఒప్పుకో! మా అత్తగారు చెప్పినవాటికి కూడా నేనిన్నిసార్లు ఒప్పుకోలేదు."

మా ఊరి కంప్యూటర్‌వాళ్లకు ఫేస్‌బుక్‌లో ఒక గుంపు ఉంది. పదకొండు వేలమంది. అందులో జుబైర్ తన పేరుతో రాయడు, 'పాత మోడెమ్' అనే పేరుతో రాస్తాడు. కొత్తగా ఎవరైనా సైటు చేసి చూపిస్తే చాలు, పాత మోడెమ్ ఏమంటాడా అని జనం కాచుకుని కూర్చునేవారు. ఆ పేరు వెనక ఎవరున్నారో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అతను రాసినవి చదివి నేనూ నవ్వేదాన్ని. ఆ సంగతి దాచను.

జూన్‌లో బాక్ పరీక్షల వారం అది, పిల్లలు బడి చదువు ముగించి రాసేవి. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కకుండా పొద్దున ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం దాకా దేశమంతటా నెట్ ఆపేస్తున్నారు. అందుకని ఎనిమిదిలోపే అందరూ చూడాల్సినవన్నీ ఆత్రంగా చూసేసుకుంటున్నారు. జుబైర్ వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక చేత్తో కాఫీ, రెండో చేతి బొటనవేలు ఫోనుమీద. నేను పనిచేసే లైబ్రరీకి వేసుకెళ్లాల్సిన గౌను ఇస్త్రీ చేస్తున్నాను.

"విను విను, ఇప్పుడే కొట్టా" అన్నాడు నవ్వుతూ. "'ఈ పేజీ బరువుకి నా ఫోను నడుం పట్టేసింది. అక్షరాలు చీమలకోసం పెట్టినట్టున్నాయి. అయినా ముప్పై ఒక్క ఏళ్ల వాన ఎవడిక్కావాలి? ఇంత వయసొచ్చాక రేడియో వింటూ కూర్చోకుండా ఈయనకి కంప్యూటరెందుకు?' ఎలా ఉంది?"

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను.

"చూపించు."

నీలం పేజీ. పైనుంచి కిందికి తెల్లటి చుక్కలు రాలుతున్నాయి. కింద ముప్పై ఒక్క ఏళ్లవి, నెలలవారీగా వాన కొలతలు, బాల్కనీలో వాన పట్టడానికి పెట్టిన కొలపాత్ర ఫొటోలు. గుంపులో పెట్టినవారి పేరు గానీ చేసినవారి పేరు గానీ లేదు, 'ఒక ఉపాధ్యాయుడు' అని మాత్రమే ఉంది.

"ఆ చుక్కలు పెట్టడం నేనే నేర్పాను జుబైర్. ఇది లమ్రీ మాస్టారి పేజీ."

లమ్రీ మాస్టారు జుబైర్‌కు లీసేలో, అంటే పెద్ద తరగతుల బడిలో, భౌతికశాస్త్రం చెప్పారు. ఆ బడికి వచ్చిన మొట్టమొదటి కంప్యూటర్ గది తాళం ఆయన దగ్గరే ఉండేది. క్లాసులయ్యాక జుబైర్‌ని ఒక్కణ్ణే ఆ గదిలో కూర్చోనిచ్చేవారు. మూడు నెలలుగా ప్రతి మంగళవారం ఆయన మా లైబ్రరీకి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని పేజీ చేయడం నేర్చుకుంటున్నారు. పూర్తయ్యాక జుబైర్‌కి చూపించి ఆశ్చర్యపరుద్దామన్నారు. అందుకే నేను ఇంట్లో చెప్పలేదు. ముందే గుంపులో పెట్టి చూస్తారని నేనూ అనుకోలేదు.

జుబైర్ ఫోను లాక్కున్నాడు. తుడిచేద్దామని వేలు పెట్టేసరికి ఎనిమిదైంది. రాసిన మాట పక్కన చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

అక్కడినుంచి మనిషి కాలు నిలవలేదు. బాల్కనీలోకి వెళ్లి ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఆపి మళ్లీ వేశాడు. మేడమీదికి వెళ్లి వచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు.

"వెళ్లిందంటావా?"

"నన్నడుగుతావేం? అన్నీ తెలిసినవాడివి నువ్వేగా."

"వెళ్లి ఉండదులే. చక్రం తిరుగుతోందంటే వెళ్లనట్టే." మళ్లీ రెండు నిమిషాలకు, "ఒక్కోసారి వెళ్లాక కూడా తిరుగుతుంది" అన్నాడు. ఇంకాసేపటికి కోపం తెచ్చుకున్నాడు. "అయినా పదకొండు వేలమంది మధ్య పెట్టాక నాలుగు మాటలు పడవా? నెట్ అంటే అంతే!"

"నెట్ రాయలేదు. నువ్వు రాశావు" అన్నాను.

నేను లైబ్రరీకి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానని చెప్పాను. పదింటికి ఇంటి ఫోను మోగింది. లమ్రీ మాస్టారే.

"వస్సీలా తల్లీ, మావాడు ఇంట్లో ఉన్నాడా? ఒకసారి రమ్మను. మన పేజీ గురించి ఎవరో రాశారు. అందులో కొన్ని మాటలు నాకు అర్థం కాలేదు."

ఫోను పెట్టేసి జుబైర్ వైపు చూశాను. చెప్పే అవసరం లేకపోయింది.

నడిచే వెళ్లాం. కూర్ అనే మా ఊరి పెద్దవీధి పొడుగునా చెట్లకింద కాఫీ బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఫోన్లు బోర్లా పడి ఉన్నాయి. "పదేళ్లకి మా అన్న మొహం ఇవాళ సరిగ్గా చూశా. ముసలాడైపోయాడ్రా!" అంటున్నాడొకడు. "రోజూ ఆపితే బాగుండు, దేశం బాగుపడుతుంది" అన్నాడు ఇంకొకడు. "నీ పెళ్లి నెట్‌లోనే కుదిరింది కదరా, అప్పుడు ఆపాల్సింది!" అని మూడోవాడు. మరో రోజైతే జుబైర్ ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కునేవాడే. ఇవాళ అతనికి ఏమీ వినబడలేదు. ప్రతి మలుపులోనూ ఆగాడు.

"ఇంటికి పోదాం వస్సీలా. నెట్ రాగానే తుడిచేస్తా. రాసింది నేనని ఆయనకేం తెలుసు?"

"నాకు తెలుసుగా."

వాళ్లిల్లు పాత ఊళ్లో, మూడో అంతస్తు. తలుపు తీసింది మాస్టారి భార్య హౌరియా గారు. "రండమ్మా. పొద్దున్నుంచీ ఆ కాగితం పట్టుకునే తిరుగుతున్నారు. రెండుసార్లు కాఫీ పెట్టా, రెండుసార్లూ చల్లారబెట్టారు."

నెట్ పోకముందే తెరమీదికి వచ్చిన ఆ మాటని మాస్టారు అచ్చు తీసుకున్నారు. పరీక్ష పేపర్లు దిద్దినట్టే ఎర్ర సిరాతో గీతలు పెట్టారు. జుబైర్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"చూడరా, పాత మోడెమ్ అట. చదువుకున్నవాడిలాగే ఉన్నాడు. పేజీకి బరువేమిటి?"

"ఫొటోలు పెద్దవి మాస్టారూ. తెరుచుకోడానికి టైము పడుతుంది" అన్నాడు జుబైర్.

"అయితే సరిగ్గానే అన్నాడు." అంచున రాసుకున్నారు. "అక్షరాలు చిన్నవి. అదీ నిజమే, నాకే కనబడట్లేదు. ఇక ఈ ఆఖరిది. 'ముప్పై ఒక్క ఏళ్ల వాన ఎవడిక్కావాలి?' ఇది మీ కంప్యూటర్ల మాటా, మామూలు ప్రశ్నా? మామూలు ప్రశ్నే అయితే జవాబు రాద్దామని కూర్చున్నా. రెండు గంటలైంది. ఏం రాయాలో తోచలేదు."

జుబైర్ లేచి బాల్కనీ తలుపు దాకా వెళ్లాడు. అక్కడ కటకటాలకు కట్టిన కొలపాత్ర ఎండిపోయి ఉంది. వెనక్కి తిరగకుండానే అన్నాడు: "అది నేనే."

"ఏది?"

"పాత మోడెమ్. నేనే మాస్టారూ."

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. కాగితం ముందుకు చాపారు.

"చదువు."

"మాస్టారూ..."

"నీ నోటితో ఒకసారి వినాలనుంది. చదువు."

జుబైర్ చదివాడు. ఫోను నడుం దగ్గర ఎవరూ నవ్వలేదు. చీమల దగ్గరా నవ్వలేదు. వాన దగ్గర ఆగిపోయాడు. చివరికి ఆ మాటలు కూడా చదివాడు, రేడియో దాకా. పొద్దున మా వంటింట్లో చదివినవి ఇవేనా అనిపించింది నాకు.

"సరే. మీరు చెప్పిన మొదటి రెండూ దిద్దుకుంటాను" అన్నారు మాస్టారు.

'మీరు' అన్నారు. పాతికేళ్లుగా ఆయన నోట 'ఒరే' తప్ప వినని జుబైర్ చెవులు ఎర్రబడ్డాయి. నేను ఉండబట్టలేక, "ఆ రాలే చుక్కలు నా తప్పు మాస్టారూ, అవి తీసేద్దాం" అన్నాను.

"వాటి జోలికి రాకమ్మా, నాకిష్టం" అన్నారు.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం, వెళ్లడానికి మాకు మొహం చెల్లక. హౌరియా గారు మూడోసారి కాఫీ పెట్టారు. నెట్ రాగానే మా ఫోన్లు ఒకేసారి మోగాయి. ఇక్కడ ఆగినా, గుంపులో ఉండి ఫ్రాన్స్‌లో బతికే మా ఊరివాళ్లకు నెట్ ఉందిగా. ఆ మాటకింద అప్పటికే నలభైమంది నవ్వారు. జుబైర్ తుడిచేయబోయాడు.

"తుడవకండి. కింద మీ పేరు రాయండి" అన్నారు మాస్టారు.

జుబైర్ చెరిపే గుర్తుమీంచి వేలు తీశాడు. టైపు చేశాడు, చెరిపాడు, మళ్లీ చేశాడు. చివరికి పంపింది ఒక్క ముక్కే: 'పై మాట రాసింది నేను, జుబైర్ బుస్బాయీ. ఈ పేజీ చేసినాయన నాకు చదువు చెప్పారు.'

వారంరోజులు గుంపులో అతన్ని ఆడుకున్నారు. "మోడెమ్ తడిసిందా అన్నా?" అని కొందరు, "మాస్టారు బెత్తం తీశారా?" అని కొందరు. సమాధానం చెప్పలేదు, గుంపులోంచి పోనూ లేదు. రాత్రిళ్లు పక్కమీద అటూ ఇటూ దొర్లేవాడు.

వాన పేజీకి అంతా కలిపి రోజుకి పదిమంది వస్తే గొప్ప. అందులో ఇద్దరం మేమే. జుబైర్ ఫొటోలన్నీ చిన్నవి చేసిపెట్టాడు, అక్షరాలు పెద్దవి చేశాడు. మాస్టారు కాదనలేదు. "మీకు శ్రమ ఇచ్చాను" అంటారు ప్రతిసారీ. మెట్లు దిగుతూ ఒకరోజు జుబైర్ నన్నడిగాడు, "మళ్లీ ఎప్పటికైనా ఒరే అంటారంటావా?"

"ఏమో" అన్నాను. నిజంగానే నాకు తెలియదు. వచ్చే మంగళవారం కొలపాత్రకు కొత్త గొట్టం తెస్తానని ఆయనకు చెప్పి వచ్చాడు. ఇప్పుడు ఊళ్లో దానికోసమే తిరుగుతున్నాడు.