కల్లిరోయి కట్టించిన చర్చి

మునిసిపల్ హాల్లో ఆ సాయంత్రం మా గురించి మాట్లాడని మనిషి లేడు, మేం ముగ్గురం తప్ప. మమ్మల్ని వెనక వరసలో, స్తంభం చాటున కూర్చోబెట్టారు. ఎదురుగా కూర్చోబెడితే పెద్దమనుషులకి మాట పెగలదేమో, పాపం! వేదిక మీదున్న వాళ్లలో కొందరిని నేను దగ్గు విని గుర్తుపట్టగలను.

నా పేరు స్టమాటా. రేవు వెనక వీధిలో, తలుపు మీద పగలు కూడా తెల్ల దీపం వెలిగే ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది నేనే. మా గ్రీసులో సానిళ్లకి ఆ దీపమే గుర్తు. వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి, తాగినవాణ్ణీ చేతులు దురదపెట్టేవాణ్ణీ అక్కణ్ణుంచే తరిమేయడం నా పని. ఇల్లు కల్లిరోయిది, లైసెన్సూ ఆవిడదే. ఆ లైసెన్సు మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నదే ఆనాటి సభ. ఇవ్వకపోతే దీపం ఆరిపోతుంది, గుమ్మంలో నా కుర్చీ ఉండదు, లోపల పనిచేసే ఫోటిని మళ్లీ ఒంటరిగా ఎక్కడో గది చూసుకోవాలి. నా బెంగంతా ఆ పిల్ల గురించే.

మా ఇంటికి రాకముందు ఆమె అలాగే ఒంటరి గదిలో ఉండేది. ఒక వెధవ సీసా పెట్టి మొహం మీద కొట్టాడు. కుడికన్ను దక్కదనే అన్నారు డాక్టర్లు. అదే ఆసుపత్రికి వేరే పని మీద వెళ్లిన కల్లిరోయి ఆమెను చూసి, వరండాలో మోకాళ్ల మీద కూలబడి, కళ్లను కాపాడే పునీత పరస్కెవికి మొక్కుకుంది. చూపు నిలబెట్టు తల్లీ, నీకు చర్చి కట్టిస్తానని. చూపు నిలబడింది. మొక్కుకున్నాక తీర్చకుండా ఉండటం మా వాళ్లకి చేతకాదు. మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల, తన నిమ్మచెట్ల మధ్య కల్లిరోయి చిన్న చర్చి కట్టించింది. లోపల నలుగురు నిలబడితే ఐదోవాడు బయటే ఉండాలి, అంత.

దానికి పునాదిరాయి దీవించిందీ, కట్టాక ప్రతిష్ఠించిందీ పాపా యెరాసిమోసే. ఈ పూజారి సంగతి కాస్త చెప్పాలి. నెల మొదటి రోజున దుకాణం దుకాణానికీ వెళ్లి తులసి రెమ్మలతో పవిత్రజలం చల్లుతాడు. మా గుమ్మం వచ్చేసరికి మాత్రం రోడ్డవతలి నుంచే ఒక్క విసురు విసిరి, వెనక కుక్క తరుముతున్నట్టు పోతాడు. అలాంటివాడు ప్రతిష్ఠ రోజున కల్లిరోయి వండించిన గొర్రెమాంసం రెండు పళ్లేలు లాగించి, "నీ విశ్వాసం గొప్పది తల్లీ" అని గడ్డం తుడుచుకున్నాడు. విశ్వాసం గొప్పదే. మాంసం అంతకన్నా బాగా కుదిరింది మరి.

ఇక సభ సంగతి. ఏథెన్స్ నుంచి ఇద్దరు ఆడవాళ్లను పిలిపించారు. ఒకావిడకి ఎర్ర కళ్లద్దాలు, ఇంకొకావిడకి నల్ల శాలువా.

"కొనడానికి వచ్చే మగవాణ్ణి జైల్లో పెట్టాలి. ఈ ఆడవాళ్లు బాధితులు" అంది కళ్లద్దాలావిడ.

"బాధితులు కారు, కార్మికులు! వాళ్ల పని వాళ్ల హక్కు" అంది శాలువావిడ.

బాధితులు, కార్మికులు, బాధితులు, కార్మికులు! సంతలో ఒకే దుప్పటిని చెరో కొసా పట్టుకుని లాగినట్టు మమ్మల్ని లాగారు. కల్లిరోయి లేచి చెయ్యెత్తింది.

"అమ్మా, నాదో మాట..."

"మీ బాధ మాకు తెలుసు. మీరు మళ్లీ గుర్తు చేసుకోనక్కర్లేదు" అంది కళ్లద్దాలావిడ.

"ఆవిణ్ణి మాట్లాడనివ్వండి! ఆవిడ గొంతు వినండి!" అని శాలువావిడ గుడ్లురిమి, ఆపైన తనే ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది.

ఫోటిని నా చెవి దగ్గరికి వంగింది. "అక్కా, ఈ ఇద్దరిలో మనవైపు ఎవరు?"

"ఇంకా తేలలేదే. నోర్మూసుకుని కూర్చో" అన్నాను.

చివరికి మేయరు లేచాడు. గొంతు సవరించుకుని, కోటు గుండీ పెట్టుకుని, "మా ఊళ్లో ఎవర్నీ నేరస్థుల్ని చేసే ఉద్దేశం మాకు లేదు. అది మన సంస్కారం కాదు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "కాకపోతే చట్టం ఒకటుంది. చర్చికి రెండు వందల మీటర్ల లోపు ఇలాంటి ఇల్లు ఉండకూడదు. ఈ ఇంటి పక్కన చర్చి ఉంది."

"అది మేం కట్టించిందే కదయ్యా!" అని అరిచాను.

"ఎవరు కట్టించారని చట్టం అడగదమ్మా."

హాలంతా ఇకఇకలూ పకపకలూ. పాపా యెరాసిమోస్ పైకప్పు కేసి చూస్తున్నాడు.

"అయ్యగారూ," అంది కల్లిరోయి, "పునాదిరాయి దీవించిన రోజున తమకి ఈ చట్టం తెలుసా?"

"నేను దేవుడి పని చూస్తానమ్మా. మునిసిపాలిటీ పని నాది కాదు."

తెలుసు. ముదనష్టపువాడికి తెలుసు. మొహం చూస్తే చాలు.

మేయరు గొంతులోకి దయ తెచ్చుకున్నాడు. "ఒక దారి ఉంది. స్థలం మీదే కాబట్టి చర్చి తీసేయించండి. బిషప్ గారికి నేను చెబుతాను. వెంటనే లైసెన్సు ఇస్తాం."

"తీసేయండి, బతుకుతెరువు ముందు!" అంది శాలువావిడ.

"వద్దు, ఇదే మంచి అవకాశం! ఈ వృత్తి వదిలేయండి" అంది కళ్లద్దాలావిడ.

"వదిలేసి?" అని అడిగింది ఫోటిని.

కళ్లద్దాలావిడ కాగితాలు సర్దుకోవడంలో పడింది.

నేను కల్లిరోయి చెయ్యి పట్టుకున్నాను. "కూలగొట్టించెయ్. పునీతురాలు ఏమీ అనుకోదు. ఆవిడకి దేశం నిండా చర్చిలున్నాయి. మనకి ఇంకో ఇల్లు లేదు."

కల్లిరోయి ఫోటిని మొహంలోకి చూసింది. "ఆవిడ కన్నిచ్చింది స్టమాటా. ఇచ్చిన గుడిని నేను లాక్కుంటే, ఇచ్చిన కన్నుని ఆవిడ లాక్కోదని నువ్వు చెప్పగలవా?"

నాకు ఒళ్లు మండిపోయింది. పట్టుకున్న చెయ్యి వదిలేశాను.

"తియ్యను" అంది కల్లిరోయి మేయరుతో.

హాలు చప్పట్లతో మారుమోగింది. ఛీ! ఇన్నేళ్లలో ఆ ఊరు ఆవిణ్ణి మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, తన గుమ్మం తనే మూసుకున్నందుకు. కళ్లద్దాలావిడ కళ్లు కూడా ఒత్తుకుంది. తర్వాత అందరూ మేయరు ఖర్చుతో చేపలు తినడానికి పోయారు.

దీపం తీసేశాం. కల్లిరోయి చెల్లెలి దగ్గరికి దీవికి వెళ్లిపోయింది. ఫోటిని గోదాముల వెనక గది తీసుకుంది. నేనెళ్లి అక్కడ తలుపు దగ్గర కూర్చుంటానన్నాను. వకీలు వద్దన్నాడు. లైసెన్సు లేని చోట గుమ్మంలో కూర్చుంటే అది తార్పుడు కింద లెక్కట, జైలేనట. పిల్లకి కాపలా ఉండటం నేరం, పిల్లని ఒంటరిగా వదిలేయడం మర్యాద. అలా మర్యాదగా ఇంట్లో కూర్చున్నాను.

నిమ్మకాయలు పండే రోజుల్లో ఒక మధ్యాహ్నం పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. పరుగెత్తాను. ఫోటిని బెంచీ మీద ఉంది. పెదవి చిట్లి, ఎడమచెయ్యి గుడ్డతో మెడకి వేలాడదీసి ఉంది. కొట్టినవాడి మీద ఫిర్యాదు చెయ్యడానికి తనే నడిచి వచ్చిందట. వాళ్లు ముందు ఆమె మీద కేసు రాశారు, లైసెన్సు లేకుండా పనిచేస్తోందని. ఆ పని అయ్యాక కొట్టినవాడి పేరు అడిగారు. ఎవర్నీ నేరస్థుల్ని చెయ్యరట! ఒట్టి బూటకం!

బల్ల వెనక ప్రోద్రొమోస్ ఉన్నాడు. మా ఇంటికి ఏళ్ల తరబడి వచ్చినవాడు. వాడి టోపీ నేనే అందుకుని మేకుకి తగిలించేదాన్ని.

"ఎవరు మీరు?" అన్నాడు, తలెత్తకుండా.

ఎవరట! ఉమ్మేద్దామన్నంత కోపం వచ్చింది. పిల్ల బయటికి రావాలి కదా అని మింగాను.

"బంధువులకే అప్పగిస్తాం. ఈమెకి మీరేమవుతారు? ఈమె దగ్గర పనిచేస్తారా?"

అవునంటే రెండో కేసు నాది. ఫోటిని నన్నే చూస్తోంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తల్లిని" అన్నాను.

అప్పుడు తలెత్తాడు. "నీకు పిల్లలు లేరుగా అక్కా" అన్నాడు మెల్లగా.

"ఓహో, గుర్తుపట్టావా! ఎక్కడ చూశావో కూడా చెప్పు, పక్క గదిలో మీ అధికారి వింటాడు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. కలం అందుకుని రాశాడు. ఏం రాశాడో వంగి మరీ చూశాను. తల్లి అనే రాశాడు.

ఫోటిని లేచి, బాగున్న చెయ్యి నా చేతిలో పెట్టింది.

"పదమ్మా, పోదాం" అంది.