గుండుగాడి దిద్దని ఫొటో

మొటిమలు చెరపడంలో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు. కంప్యూటర్లు రాకముందు మా స్టూడియోలో నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో పెళ్లికొడుకుల మొహాలు దిద్దేవాణ్ణి. ఒకణ్ణి ఎంత నున్నగా దిద్దానంటే, ఫొటో చూసి వచ్చిన అత్తగారు గుమ్మంలో అతన్నే ఆపి, "బాబూ, పెళ్లికొడుకు ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి నాకు మనవడు పుట్టాడు. నెత్తిన వెంట్రుక లేదు గనక గుండుగాడన్నాను. కొన్ని వారాలు తిరిగేసరికి వాడి బుగ్గల మీద, నుదుటి మీద ఎర్రెర్రగా మొటిమలు లేచాయి.

"ఏరా, అప్పుడే మొటిమలా? మీసాలు కూడా ఎక్కడైనా దాచావా?" అన్నాను.

కోడలు నవ్వలేదు. నా కోతలకి ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది ఆ పిల్లే. పై వాటాలో ఉండే పిన్నిగారు వచ్చి చూసి, "నీ పాలు వాడికి పడటం లేదమ్మాయ్. మొహానికి నూనె రాయి, డబ్బా పాలు మొదలుపెట్టు" అనేసి పోయిందట. అప్పట్నుంచీ కోడలు పాలిచ్చేటప్పుడు పిల్లాడి మొహం చూడటం మానేసి గోడకేసి చూస్తోంది.

పెళ్లాన్ని సంతోషపెడదామని మావాడు ఒక ఘనకార్యం చేశాడు. గుండుగాడికి ఫొటో తీసి, స్టూడియోలో కూర్చుని ఒక్క మొటిమ కూడా మిగలకుండా చెరిపి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. మా ఇంటి మగాళ్లకి ప్రేమ చూపించే పద్ధతి ఇంకోటి తెలీదు.

కోడలు ఫ్రేము అందుకుని చాలాసేపు చూసింది. "ఎవరి పిల్లాడండీ?"

"అదేంటి, మనవాడే!"

"మనవాడు లోపల పడుకున్నాడు. వాడు నా పాలతో పాడైపోయినవాడు. వీడు మీరు బాగుచేసుకున్నవాడు." ఫ్రేము బోర్లించింది. "రేపట్నుంచి డబ్బా పాలే పడతాను."

నేనే కల్పించుకున్నాను. "అమ్మాయ్, దొంగనైనా జడ్జి ముందు నిలబెట్టాకే శిక్ష వేస్తారు. నీ పాలకి ఆపాటి న్యాయం జరగొద్దూ? డాక్టరమ్మ దగ్గరికి పద."

డాక్టరమ్మ గుండుగాణ్ణి కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూసింది. "మొహానికి ఏమైనా రాస్తున్నారా?"

"నూనె" అంది కోడలు చిన్నగా.

"మానెయ్యండి. క్రీములు, పౌడర్లు కూడా వద్దు. గిల్లొద్దు, రుద్దొద్దు. రోజుకోసారి గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తడి అద్దితే చాలు. కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి. చీము పట్టినా, నీటి పొక్కులు లేచినా, ఒళ్లు వెచ్చబడినా, పాలు తాగకపోయినా మాత్రం వెంటనే తీసుకురండి."

"నా పాల వల్లేనా?"

ఆ ఒక్క ప్రశ్న కోసమే కోడలు అంతసేపూ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

"కాదమ్మా. పాలివ్వడం మానకు. ఇవి ఎందుకొస్తాయో మాకూ పూర్తిగా తెలీదు. కడుపులో ఉన్నప్పుడు నీ ఒంట్లోంచి వాడికి చేరిన హార్మోన్లు ఇంకా వాడి ఒంట్లో తిరుగుతుంటాయి. వాటివల్ల కావచ్చని అనుకుంటాం. వాడు నీలోంచి బయటికొచ్చాడు గానీ, నువ్వింకా వాడిలోంచి పూర్తిగా బయటికి రాలేదు."

నా జేబులో ఎప్పుడూ ఉండే భూతద్దం తీసి గుండుగాడి బుగ్గ మీదికి వంగాను. ఇన్నేళ్లూ మొటిమని చెరపడానికే చూశాను. ఊరికే చూడటం అదే మొదలు. ఎర్రటి చిన్న గుట్ట, కొనన పంచదార పలుకంత తెలుపు. దాని చుట్టూ కంటికి ఆనని నూగు, కిటికీ వెలుగులో బంగారంలా వెలుగుతోంది. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ బుగ్గ మొత్తం మెల్లగా కదులుతోంది. బొడ్డు కోసినా, పొత్తిళ్లలో చుట్టినా, తల్లి ఇంకా అక్కడే, ఆ చర్మం కిందే తిరుగుతోందట. నేను పుట్టి బుద్ధెరిగాక బోలెడు కోతలు కోశాను గానీ ఇంత పెద్ద సంగతి కల్పించడం నా తరం కాలేదు.

గుండుగాడు ఏడుపు అందుకున్నాడు. కోడలు గది మూలకి వెళ్లి వాణ్ణి ఒళ్లో వేసుకుంది. ఈసారి గోడకేసి చూడలేదు. వాడు తాగుతున్నంతసేపూ ఒక్కో మొటిమనీ పలకరిస్తున్నట్టు వాడి మొహంలోకే చూసింది.

ఇంటికొచ్చాక మావాడితో, "ఇప్పుడు తీయండి ఫొటో. మావయ్యగారూ, మీకూ చెప్తున్నా. ఒక్క చుక్క చెరిపారో, తండ్రీకొడుకులిద్దరికీ ఆ రోజు అన్నం ఉండదు" అంది.

గుండుగాడి బుగ్గలు ఇప్పుడు నున్నగా ఉన్నాయి. ఎంత వెతికినా ఒక్క చుక్క దొరకదు. ఆ ఫొటో మాత్రం మా స్టూడియో అద్దాల బీరువాలో పెట్టాం. వచ్చినవాళ్లు, "ఏం తాతగారూ, దీన్ని దిద్దలేదేం?" అంటారు.

ఇంత వాగుడుకాయనీ, అప్పుడు మాత్రం ఏమీ మాట్లాడను. భూతద్దం తీసి వాళ్ల చేతికిస్తాను.