మైసమ్మకు చెప్పని మాట

“ఆస్పత్రిల ఎవరెవరి రోతనో ఎత్తిన చేతులు. మంచిగ కడిగినవా?”

జొన్నపిండి పిసుకుతున్న రుక్కమ్మ తలెత్తలేదు. గడప మీద కూర్చున్న అత్త బుగ్గమ్మ ఆ మాట కోపంగా కూడా అనలేదు, పిండిలో ఉప్పేశావా అన్నంత మామూలుగా అడిగింది. దసరా సెలవులకు ఇంటికొచ్చిన రెండు రోజుల్లో రుక్కమ్మ ఇల్లంతా అలికింది, గొర్ల దొడ్డి ఊడ్చింది, పూటపూటకీ రొట్టెలు చేసింది. సెలవంటే ఆమె కోసం అందరూ దాచిపెట్టిన పని.

తాండూరులో ఎనిమిదో తరగతి పాసయ్యాక పెళ్ళయింది. కరణ్‌కోట దగ్గరి ఈ పల్లెలో నాలుగేళ్ళు కాపురం చేసింది. కడుపు పండలేదు. ఊరికొచ్చిన గ్రామసేవిక చెబితే, వికారాబాదులో పురుళ్ళు పోసే నర్సమ్మల ట్రైనింగులో చేరింది. రెండేళ్ళ చదువు, హాస్టల్లో ఉండాలి. భర్త నర్సప్ప తాండూరు బండల ఖార్ఖానాలో పనిచేస్తాడు. సర్కారు నౌకరీ వస్తుందని ఒప్పుకున్నాడు. “పిల్లలా జెల్లలా, ఇంట్ల ఉండి ఏం జేస్తవ్, పో” అన్నాడు. అందులో ‘పో’ అన్న ఒక్క మాటే ఏరుకుని, మిగతాది మింగేసింది రుక్కమ్మ.

ఈ సెలవులకు వచ్చేసరికి తోడికోడలు మైసమ్మకు తొమ్మిదో నెల. గొర్ల వెంట పోయే మరిది ఎల్లప్ప భార్య. రుక్కమ్మ లేనన్నాళ్ళూ ఇద్దరు కోడళ్ళ పనీ ఒక్కతే చేసింది, ఇప్పుడూ ఆ నిండు కడుపుతోనే ఉన్ని ఉతుకుతోంది. రొట్టె తిప్పుతుంటే రుక్కమ్మ చూపు గోడకు వేలాడే ఉన్ని కత్తెర మీద పడింది. గొర్ల జిడ్డు, తుప్పు. ఈ ఇంట్లో పిల్లల బొడ్డు కోసేది దానితోనే. మరగబెట్టని ఇనుముతో బొడ్డు కోస్తే బిడ్డకు ధనుర్వాతం వస్తుందని పోయిన నెలే పాఠం చెప్పారు.

“అత్తా, మైసమ్మ పురుడప్పుడు గా కత్తెరను నీళ్ళల్ల మరగవెట్టాలె. బొడ్డుకు బూడిద రాయొద్దు.”

బుగ్గమ్మ కోడలి వైపు తిరిగింది. “ఆరుగురిని కన్న. ఆరుగురికీ గా కత్తెరనే. ఒక్కరిని కననిదానివి, నాకు పురుడు నేర్పుతున్నవా?”

ఆ ఆరుగురిలో మిగిలింది ఇద్దరేనని అత్త అనలేదు. రుక్కమ్మా అనలేదు.

సాయంత్రం నర్సప్ప పక్కకు పిలిచాడు. “సదువు ఆడనే ఉండాలె. ఇంట్ల సూపియ్యకు. అమ్మ మనసు ఇరిగితే నిన్ను మల్ల పంప.”

మళ్ళీ పంపడు. వికారాబాదు హాస్టల్లో ఆమెకో ఇనుప మంచముంది, పక్కన చిన్న పెట్టె ఉంది. పొద్దున్నే పేరు పెట్టి పిలిచి, నిన్నటి పాఠం చెప్పమనే సిస్టరమ్మ ఉంది. అక్కడ ఆమె ఫలానావాడి పెండ్లాం కాదు, కననిది కాదు. అది పోతుందన్న భయంతో నోరు మూసుకుంది. ‘ఏమన్న కానీ, వాళ్ళ పురుడు వాళ్ళిష్టం’ అని కూడా అనుకుంది మనసులో. అలా అనుకున్న సంగతి తర్వాత మరిచిపోదామన్నా మరపు రాలేదు.

హాస్టల్లో అందరూ రేడియో చుట్టూ చేరి చైనా యుద్ధం వార్తలు వింటున్న రోజుల్లో మైసమ్మకు కొడుకు పుట్టాడని ఉత్తరమొచ్చింది. తొమ్మిది రోజులకు నర్సప్పే వచ్చి హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడు.

“పిల్లగాడు పోయిండు. దవడలు వట్టుకపోయినయి, పాలు తాగలే. గాలి సోకిందంటున్రు.”

దాని పేరు గాలి కాదు. పుస్తకంలో అది ఏ పేజీలో ఉందో రుక్కమ్మకు తెలుసు.

ఇంటికి వెళ్ళేసరికి వాకిలి నిండా ఆడవాళ్ళు. “పెద్దకోడలు ఇంట్ల ఉంటే గిట్లయ్యేదా? పరాయోళ్ళకు పురుళ్ళు పొయ్యవోయింది” అంది బుగ్గమ్మ. అందరూ తలలూపారు. “తప్పయింది అత్తా” అని రుక్కమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే తెలిసింది, తాను ఆ నిందను దుప్పటిలా కప్పుకుంటున్నానని. ఇంట్లో లేకపోవడం తన తప్పు కాదు. ఉన్న నాలుగు రోజుల్లో నోరు విప్పకపోవడమే తప్పు. అది ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు కూడా. నీకు పిల్లలు లేరని కుళ్ళుకున్నావా అని తనను తానే అడిగి చూసుకుంది. కాదని గట్టిగా చెప్పలేకపోయింది.

మూడో రోజు మైసమ్మకు పాలు గడ్డకట్టి జ్వరమొచ్చింది. రుక్కమ్మ వేడినీళ్ళలో గుడ్డ పిండి ఆమె రొమ్ములకు కాపడం పెడుతోంది. తాగేవాడు లేని పాలు గుడ్డలోకి ఇంకుతున్నాయి. ఇక ఆగలేకపోయింది.

“మైసమ్మా, గది గాలి కాదు. కత్తెర. మరగవెడితే బతుకుతుండె. నాకు ముందే తెల్సు. అత్త ఒక మాటన్నది, మీ బావ మల్ల పంపనన్నడు. నోరు మూసుకున్న.”

మైసమ్మ మోచేతి మీద లేచి ఆమె వైపు తిరిగింది.

“నాకెందుకు చెప్పలే అక్కా?”

“నువ్వేం జేస్తుంటివి, అత్త మాట దాటి...”

“ఏమో. కత్తెర దాస్తుంటి. మా అమ్మగారింటికి పోతుంటి.” గొంతు పెంచలేదు. “అత్తకు చెప్పినవ్. బావ కాదంటే ఊకున్నవ్. కడుపు నాది గదా.”

రుక్కమ్మ చేతిలోంచి గుడ్డ తీసుకుని తానే ఒత్తుకుంది.

ఆ రాత్రంతా రుక్కమ్మ ఆ మాటతోనే మెలకువగా ఉంది. ఎందరికో భయపడింది, ఎందరి ఇష్టమో చూసింది. కనబోయే మనిషి ఆరు అడుగుల దూరంలో ఉన్ని ఉతుకుతుంటే, ఆమెతో ఒక్క మాట అనాలని తోచనే లేదు. తనను ఎవరూ లెక్కచేయరని బాధపడుతూనే తానూ మైసమ్మను లెక్కచేయలేదు.

తెల్లారాక వాకిట్లో అందరి ముందూ కత్తెర సంగతంతా చెప్పింది. బుగ్గమ్మ నెత్తి కొట్టుకుంది. ఎల్లప్ప కత్తెర తీసుకుపోయి బావిలో పడేసి వచ్చాడు. నర్సప్ప ముఖం నల్లబడింది. “ఇంటి పరువు తీసినవ్. ఇగ సదువు బంద్.”

రుక్కమ్మ సంచీ తీసుకుంది. తాండూరు స్టేషను దాకా నడిచింది. వెనక నుంచి నర్సప్ప రెండుసార్లు పిలిచాడు, తర్వాత పిలవలేదు. పొలాల మధ్య నడుస్తుంటే దుఃఖం పొంగుకొచ్చింది. పంపననే మాటకు ఇంతేనా బలం? ఆ మాట దాటి ఇలా నడిచిపోవచ్చని నెల ముందు తెలిసి ఉంటే ఆ ఇంట్లో ఇప్పుడొక పసివాడు ఉండేవాడు.

మరుసటి ఏడు వానాకాలంలో, రెండో ఏడు చదువు నడుస్తుండగా, ఎవరో వచ్చారని కబురొస్తే రుక్కమ్మ హాస్టల్ గేటు దగ్గరికి వెళ్ళింది. మైసమ్మ తడిసిన కొంగు పిండుకుంటోంది. ఒక్కతే రైలెక్కి వచ్చింది. ఇన్నాళ్ళలో ఒక్క ఉత్తరం లేదు, కబురు లేదు. ఇప్పుడూ ముఖంలో నవ్వు లేదు.

“మూడో నెల. ఇంట్ల ఇంకా ఎవ్వరికీ తెల్వది” అంది. గేటు పక్క బెంచీ మీద కూర్చుని, రుక్కమ్మకూ చోటిస్తూ కాస్త జరిగింది. “ఇప్పుడు చెప్పు. అన్నీ నాకే చెప్పు.”