కుడి బ్రేకు

మున్‌సిక్ అన్నను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒంట్లో ఉన్న కండరాల పేర్లన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పొయ్యి మీద నూడుల్స్ పెట్టి మాత్రం మరిచిపోతాడు. జింజు ఊళ్లోని కాలేజీలో మా ఫిజియోథెరపీ క్లాసంతటికీ పెద్దవాడు, సైన్యంలో చేసి వచ్చినవాడు. అయినా ఏ పని తర్వాత ఏ పనో ఆ బుర్రలో నిలవదు. ఈసారి కూడా ప్రాక్టికల్ తప్పితే ఇక ఇంటికే.

పరీక్షలో పక్షవాతంతో కుడివైపు పడిపోయిన ముసలి రోగి వేషం నాది. నన్ను చక్రాల కుర్చీలోంచి మంచం మీదికి మార్చాలి. బ్రేకు మరిచిపోతే సున్నా. రోగి గుర్తుచేస్తే ఇద్దరికీ సున్నా.

పొద్దున్నే, పాసు అంటుకోవాలని అందరూ తినే బంక మిఠాయి కొనిచ్చాను.

"అన్నా, ముందు ఏంటి?"

"బ్రేకులు."

"ఎన్ని?"

"రెండురా బాబూ! చంటిపిల్లాణ్ణి చేసేశావు నన్ను." పళ్లకు మిఠాయి అంటుకుని ఉండగానే నవ్వాడు.

పరీక్ష గదిలో మార్కులేసే మేడమ్‌కీ, నాకూ నడుం వంచి నమస్కరించాడు. నా పేరడిగాడు. ఎడమ బ్రేకు వేశాడు. హమ్మయ్య అనుకున్నాను. కుడివైపు తిరుగుతుండగా, పడిపోయినట్టు పెట్టుకున్న నా కుడిచెయ్యి ఒళ్లోంచి జారింది.

"అయ్యో తాతగారూ, నొప్పేసిందా?" అంటూ ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి మెల్లిగా ఒళ్లో పెట్టాడు. మా అమ్మ కూడా నన్ను అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. తర్వాత నేరుగా కుర్చీకి కాళ్లు పెట్టుకునే పలకలు మడిచేశాడు.

కుడి బ్రేకు నా కుడిచేతి పక్కనే ఉంది. ఆ చెయ్యే నేను కదపకూడదు. కళ్లు పెద్దవి చేసి అన్న మొహంలోకి చూశాను.

"భయపడకండి తాతగారూ, నేనున్నానుగా!"

ఓరి దేవుడా! గొంతుదాకా వచ్చిన మాట మింగేశాను. ఏడుపొచ్చింది.

నన్ను పైకి లేపగానే బ్రేకు లేని కుడి చక్రం వెనక్కి దొర్లి కుర్చీ పక్కకి తిరిగిపోయింది. ఇద్దరం కూలబడ్డాం. నాకు నేల తగలకుండా అన్న నా కింద పడ్డాడు. మేడమ్ పెన్ను మూసేసింది.

"దెబ్బ తగల్లేదు కదా తాతగారూ?" అన్నాడు కింద నుంచి.

"అయిపోయింది అన్నా," అన్నాను.

అప్పుడు కుర్చీ వైపు చూశాడు. లేచి, దాన్ని మంచం దగ్గరికి తెచ్చి, కుడి బ్రేకు వేశాడు.