జిరాక్స్ కాదు, జత

మా పాపకి తలసీమియా అని తేలిన రోజున డాక్టరు అరగంటసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. నాకు ఇంగ్లీషు రాదు, ఆ ఈజిప్టు డాక్టరుకి హిందీ రాదు. మధ్యలో మా ఆయన రాజా కూర్చుని తలూపుతూ విన్నాడు. బయటికొచ్చాక నాకు రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"నీ రక్తంలో దోషం ఉందంట గంగా. నీ దగ్గర్నుంచి వచ్చిన పాడు క్రోమోజోమే పాప ఒంట్లో కాపీ అయ్యి రెండయిందంట. నాది బాగానే ఉందన్నారు."

నమ్మాను. నమ్మనా మరి? ఈ అరబ్బు దేశంలో ఖైతాన్ అనే పేటలో, ఒక టైపింగ్ సెంటర్లో జిరాక్స్ మిషను దగ్గర కూర్చుంటాను నేను. ఇక్కడ ఉండేవాళ్ళందరికీ ఇచ్చే సివిల్ ఐడీ కార్డులు రోజుకి వంద కాపీ తీస్తాను. అసలు కాగితం మీద మరక ఉంటే కాపీ మీదా ఉంటుంది. ఆయన మాట ఆ లెక్కకి అచ్చంగా సరిపోయింది.

ఈ మూడేళ్ళూ నేను పడ్డది నాకే తెలుసు. మూడు వారాలకోసారి పాప చేతికి సూది గుచ్చి రక్తం ఎక్కిస్తుంటే, గుచ్చేది నేనే అయినట్టు తల దించుకునేదాన్ని. అమలాపురం నుంచి మా అత్తగారు సూరాయమ్మ ఫోన్ చేసి, "మా ఇంటావంటా లేదమ్మా ఈ రోగం" అనేది. రాజా పక్కనే ఉండి వినేవాడు. "ఊరుకోమ్మా, దాన్నేం అనకు" అని నా తరపున మాట్లాడేవాడు కూడా. ఎంత మంచివాడో!

ఇప్పుడు నాకు మూడో నెల. వద్దండీ, భయమేస్తోందంటే, "ఈసారేం కాదులే, ప్రతిసారీ అలా కాపీ అవ్వదంట" అని ధైర్యం చెప్పింది ఆయనే.

మొన్న బుధవారం రాజాకి డ్యూటీ మారింది. పాపని తీసుకుని ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ సిరాజ్ అని కొత్తగా ఒకతను చేరాడు. జబ్బు గురించి తల్లిదండ్రులకి విడమరిచి చెప్పడం అతని పని. కడప మనిషి. తెలుగు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కడుపుతో ఉన్నానని చెప్పి, ఈసారి నా దోషం కాపీ కాకుండా మందేమైనా ఉందా అని అడిగాను.

"కాపీ ఏందక్కా?" అన్నాడు.

రాజా చెప్పింది చెప్పాను. నేనేం పని చేస్తానో కూడా చెప్పాను.

"నీ మిషను లెక్కలోనే చెప్తా అక్కా. ఒక కణం రెండు కణాలు కావాలంటే, క్రోమోజోముకు జిరాక్స్ తీసుకుంటాది. రెండిట్లో ఉండేది ఒకటే, అక్షరం తేడా ఉండదు. ఆ కాపీ కొత్త కణంలోకి పోతాది. క్రోమోజోముల జత అట్ల కాదు. జతలో ఒకటి అమ్మది, ఒకటి నాయనది. ఒకే ఫారం ఇద్దరు నింపినట్ల. గళ్ళు అవే, వరస అదే, రాసింది మాత్రం ఎవరిది వాళ్ళది. రక్తం గడిలో ఒకరు తప్పు రాసినా, ఇంకొకరు సరిగ్గా రాసింటే బిడ్డకు ఈ జబ్బు రాదు. పాపకు రెండు ఫారాల్లోనూ తప్పే ఉండాది."

"రెండూ నావేనేమో," అన్నాను. అప్పటికీ ఆయన్నే కాపాడుతున్నాను చూడండి.

"కాదక్కా. నువ్విచ్చింది ఒకటే. రెండోది వాళ్ళ నాయన ఇచ్చిందే." రాజా సివిల్ ఐడీ నంబరు కొట్టి కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు. "ఇదిగో, ఆయనకూ ఉండాది. ఈడనే చేసినారు, రెండువేల పదిహేడులో."

మా పెళ్ళి రెండువేల పంతొమ్మిదిలో అయింది. ఆ తేదీని నాలుగుసార్లు చదివాను.

ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుందనీ, కడుపులో ఉండగానే పరీక్ష చేసి చూడొచ్చనీ సిరాజ్ చెప్పాడు. ఆదివారానికి పేరు రాయించుకుని వచ్చేశాను.

సాయంత్రం రాజా వచ్చి బూట్లు విప్పుకుంటుంటే అడిగాను. "పదిహేడులో రక్తపరీక్ష ఎందుకు చేయించుకున్నారు?"

ఒక బూటు విప్పి అలాగే ఉండిపోయాడు. అబద్ధం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు పాపం. అప్పట్లో ఇక్కడ నర్సుగా చేసే రాజోలు అమ్మాయితో సంబంధం కుదిరిందట. ఇద్దరం పరీక్ష చేయించుకుందామని ఆ అమ్మాయి పట్టుబట్టిందట. ఈయన రిపోర్టు చూసి వాళ్ళ నాన్న వద్దన్నాడట.

"అందుకని?"

"అమ్మకి సంగతి చెప్పకుండా, ఈసారి ఏమీ అడగని పిల్లని చూడమన్నాను."

పెళ్ళిచూపుల్లో నేను ఒక్క మాట కూడా అడగలేదు. అణకువ గల పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

"నీకూ ఉంటదని నాకేం తెలుసే?" అన్నాడు.

"పాపకి వచ్చాక తెలిసింది కదా! ఈ కడుపు వద్దన్నప్పుడు తెలుసు కదా!"

"మా అమ్మకి మాత్రం చెప్పకే, తట్టుకోలేదు," అన్నాడు.

అత్తగారి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను ఆయన ముందు పెట్టాను. "మీరే చెప్పండి."

ఫోను మోగుతోంది. "క్షమించవే గంగా," అంటూ నా చెయ్యి పట్టుకోబోయాడు. వెనక్కి జరిగాను.

ఒక సంగతి మీకింతవరకూ చెప్పలేదు, సిగ్గేసి. పాప జబ్బు తేలిన ఆ రోజు, ఇంటికి రాగానే ఆయన కాళ్ళు రెండూ పట్టుకుని ఏడ్చాను. మీ బిడ్డని నా చేతులారా పాడు చేశాను, క్షమించండి అన్నాను. ఆయన నన్ను లేవదీసి, కళ్ళు తుడిచి, "పోన్లే, క్షమించాను" అన్నాడు.